తీగ లాగితే తిరిగిన రెక్క – విల్బర్ రైట్ జీవితం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ ఒక మహనీయుని జీవితం రాయడం ఆనవాయితీగా వస్తోంది. అంబేద్కర్, జ్యోతిరావు ఫూలే, గుర్రం జాషువా గార్ల గురించి అన్నలు ఇంతకుముందు ఎంతో చక్కగా రాశారు. ఈసారి ఆ బాధ్యతను వార్డెన్ సార్ మా నలుగురికి అప్పగించారు. మేము విల్బర్ రైట్ పేరు చెప్పగానే స్టడీ అవర్లో అందరూ నవ్వారు. రైట్ సోదరుల గురించి చిన్న తరగతుల్లోనే చదివేశాం కదా, ఇంకా రాయడానికి ఏముంది అన్నారు. నిజం చెప్పాలంటే మాకూ మొదట అలాగే ఉండేది. ఒక అట్టపెట్టె వల్ల మా అభిప్రాయం మారింది.

మన హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుకున్న ఒక అన్న (పేరు రాయవద్దన్నారు) కిందటి దసరా సెలవుల తర్వాత సీతాఫల్‌మండి వచ్చి ఆ పెట్టె మాకిచ్చి వెళ్ళారు. అందులో విరిగిన థర్మోకోల్ విమానం ఉంది. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు మీటరు. రేడియోతో నడిచే ఆ విమానం చదువు చివరి ఏడాదిలో అన్న చేసిన ప్రాజెక్టు. మెస్సు డబ్బులు మిగుల్చుకుని, మూడు నెలలు కష్టపడి చేశారట. ఊరి బయట అనుమతి ఉన్న మైదానంలో మొదటిసారి ఎగరేస్తే చక్కగా లేచింది. ఎడమకు తిప్పితే తిరిగింది. కుడికి తిప్పబోతే తిరగలేదు. ఎడమకే వాలుతూ, సుడి తిరుగుతూ ముక్కు నేలకు గుచ్చుకుంది. సార్ల ముందు, తోటివాళ్ళ ముందు జరిగింది. తన చేతికి ఆ పని రాదని అన్న ఆ రోజే తీర్మానించుకుని, మళ్ళీ రిమోట్ ముట్టుకోలేదు.

మేము దాన్ని అతికించి, బ్యాటరీ పెట్టి, టేబుల్ మీద ఉంచి రిమోట్ కదిపాం. తోక చుక్కాని ఎడమకూ తిరిగింది, కుడికీ తిరిగింది. ఏ లోపమూ కనబడలేదు. టేబుల్ మీద బాగానే పనిచేసేది గాలిలో ఎందుకు పనిచేయలేదు? ఈ ప్రశ్న పట్టుకుని పుస్తకాలు వెతుకుతుంటే విల్బర్ రైట్ దగ్గరికి చేరాం. ఆయన జీవితమంతా దాదాపు ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. అందుకే ఆయన కథతోపాటు మా విమానం కథ కూడా మధ్యమధ్య వస్తుంది. పాఠకులు మన్నించాలి.

విల్బర్ రైట్ 1867 ఏప్రిల్ 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మిల్‌విల్ అనే పల్లె దగ్గర జన్మించారు. తమ్ముడు ఆర్విల్ నాలుగేళ్ళ తర్వాత, 1871లో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ పట్టణంలో పుట్టారు. తండ్రి మిల్టన్ రైట్ చర్చిలో బిషప్పు. చర్చి పనిమీద ఊరూరూ తిరిగేవారు, కుటుంబం కూడా ఇల్లు మారుతూ ఉండేది. ఇంట్లో మేకు కొట్టడం, విరిగినది బాగుచేయడం మాత్రం తల్లి సుసాన్ పనే. పిల్లలకు బొమ్మలు ఆమే చేసి ఇచ్చేవారు. అన్నదమ్ముల చేతి పనితనం తల్లి నుంచి వచ్చిందని వారి చరిత్ర రాసినవారంతా అంటారు.

1878లో తండ్రి ప్రయాణం నుంచి వస్తూ ఒక బొమ్మ తెచ్చారు. బెండు, వెదురు, కాగితంతో చేసి, రబ్బరు బ్యాండు మెలితిప్పి వదిలితే గాలిలోకి లేచే బొమ్మ అది. అల్ఫోన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు కనిపెట్టిన పద్ధతిలో చేసినది. అప్పటికి విల్బర్‌కు పదకొండేళ్ళు, ఆర్విల్‌కు ఏడు. బొమ్మ త్వరలోనే పాడైపోయింది. అన్నదమ్ములు అలాంటివే మరికొన్ని చేశారు. ఒక్కటి మాత్రం వాళ్ళకు అర్థం కాలేదు. బొమ్మను పెద్దది చేసిన కొద్దీ అది సరిగ్గా ఎగరడం మానేసేది.

విల్బర్ చదువులో చురుకైనవారు. హైస్కూలు చదువు దాదాపు పూర్తయ్యే సమయానికి, 1884లో, కుటుంబం హఠాత్తుగా డేటన్‌కు మారిపోయింది. పాఠాలన్నీ పూర్తిచేసినా సర్టిఫికెట్ చేతికి రాలేదు. టీసీ కోసం, మార్కుల మెమో కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన అన్నలకు ఈ బాధ మేము వివరించనక్కర్లేదు. ఆ సర్టిఫికెట్‌ను ఆయన పేరిట ఇచ్చింది 1994 ఏప్రిల్ 16న. అప్పటికి ఆయన చనిపోయి ఎనభై రెండేళ్ళు కావస్తోంది.

యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాలన్న ఆలోచన కూడా ఇంట్లో ఉండేది. 1885-86 చలికాలంలో మంచుమీద హాకీ ఆడుతుండగా ఒకరి కర్ర ముఖానికి బలంగా తగిలి ముందు పళ్ళు ఊడిపోయాయి. గాయం మానినా గుండె దడ పట్టుకుంది, మనసు కుంగింది. యేల్ మాట అక్కడితో ఆగిపోయింది. అదే సమయంలో తల్లికి క్షయ ముదిరింది. దాదాపు మూడేళ్ళు విల్బర్ ఇల్లు కదలకుండా ఆమెకు సేవ చేశారు. మిగిలిన సమయమంతా తండ్రి పుస్తకాల బీరువా ముందే గడిచింది. 1889 జూలై 4న తల్లి చనిపోయారు. పైచదువుకు వెళ్ళకుండా ఇంట్లో కూర్చున్న ఇరవై రెండేళ్ళ యువకుడిని చూసి చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుని ఉంటారో మన ఊళ్ళు తెలిసినవారు ఊహించగలరు.

ఆ రోజుల్లోనే తమ్ముడు పెట్టిన అచ్చుయంత్రంలో ఆయన కూడా చేరారు. ఆ ప్రెస్సు సంగతిలో మాకు బాగా నచ్చిన విషయం ఒకటి ఉంది. ఆర్విల్ తరగతిలో పాల్ లారెన్స్ డన్‌బార్ అనే నల్లజాతి విద్యార్థి ఉండేవారు. తల్లిదండ్రులిద్దరూ బానిసత్వంలో బతికి బయటపడినవారు. తరగతిలో ఆయన ఒక్కరే నల్లవారు. 1890లో డేటన్‌లోని నల్లవారి కోసం ఆయన ఒక పత్రిక నడిపితే దాన్ని అచ్చువేసింది ఈ అన్నదమ్ముల ప్రెస్సే. డబ్బులు లేక పత్రిక కొద్ది సంచికలతో ఆగిపోయింది. చదువు అయ్యాక డన్‌బార్‌కు లిఫ్టు నడిపే పనే దొరికింది. ఆ పని చేస్తూనే కవిత్వం రాసి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఆయన జీవితం వచ్చే సంచికలో ఎవరైనా తమ్ముళ్ళు రాస్తే బాగుంటుంది.

1892లో అన్నదమ్ములు సైకిల్ షాపు తెరిచారు. మొదట అమ్మకాలు, రిపేర్లు. 1896 నుంచి సొంతంగా సైకిళ్ళు తయారుచేశారు. విమానం కనిపెట్టినవాళ్ళు సైకిల్ మెకానిక్‌లు అని మనం వింతగా చెప్పుకుంటాం. అది వింత కాదని ఇప్పుడు అనిపిస్తోంది. సైకిల్ దానంతటది నిలబడదు. తొక్కేవాడు ప్రతి క్షణం హ్యాండిల్‌ను కాస్త అటూ ఇటూ తిప్పుతూ, ఒంటిని వంచుతూ పడిపోకుండా చూసుకుంటాడు. నేర్చుకున్నాక ఆ సంగతే మరిచిపోతాడు. విల్బర్‌కు ఇది రోజూ కళ్ళముందు కనిపించే విషయం.

1896 ఆగస్టులో జర్మనీలో ఓటో లిలియెంటాల్ అనే ఆయన గ్లైడర్ మీద నుంచి పడి చనిపోయారు. గుట్టల మీద నుంచి రెండు వేల సార్లు గాలిలో తేలిన మనిషి ఆయన. రెక్కలకు వేలాడుతూ, కాళ్ళు అటూ ఇటూ ఊపి బరువు మార్చడమే ఆయనకు తెలిసిన అదుపు. పెద్ద గాలి వచ్చిన రోజు కాళ్ళు ఊపడం చాలలేదు. ఈ వార్త విల్బర్‌ను కదిలించింది. 1899 మే 30న ఆయన వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు ఉత్తరం రాసి, ఎగరడం గురించి అంతవరకు అచ్చయిన పుస్తకాల వివరాలు అడిగారు. తెప్పించుకుని చదివారు. చాలామంది పెద్దలు శక్తి గల ఇంజను దొరికితే చాలు, మిగిలినది అదే కుదురుతుందని అనుకుంటున్నారు. విల్బర్ లెక్క వేరు. రెక్కలు ఎలా చేయాలో కొంత తెలిసింది, ఇంజన్లూ వస్తున్నాయి, గాలిలోకి వెళ్ళాక అదుపు చేయడం ఎవరికీ తెలియదు. ముందు తేల్చవలసింది అదేనని ఆయన నిర్ణయించుకున్నారు.

పక్షులు ఒక పక్కకు వాలినప్పుడు రెక్కల కొసలను మెలితిప్పి సరిచేసుకుంటాయని ఆయన గమనించారు. యంత్రానికి అలాంటి రెక్క ఎలా చేయాలి? 1899 జూలైలో ఒక రోజు షాపులో సైకిల్ ట్యూబు అమ్మి, ఖాళీ అట్టపెట్టెను చేతిలో పట్టుకుని మాట్లాడుతూ దాన్ని అనుకోకుండా మెలితిప్పారు. ఒక కొస పైకి, ఇంకో కొస కిందికి తిరిగింది. పెట్టె మాత్రం విరగలేదు. పెట్టె పైభాగం, అడుగుభాగం రెండు రెక్కలనుకుంటే, తీగలతో లాగి వాటిని అలాగే తిప్పవచ్చు.

వెంటనే అయిదు అడుగుల రెక్కలతో గాలిపటం లాంటి నమూనా చేశారు. నాలుగు తాళ్ళు, చేతికొకటి చొప్పున రెండు కర్రలు. కర్రలను ఎదురెదురుగా వంచితే రెక్కలు మెలిపడి నమూనా పక్కకు వాలుతుంది. కింద నిలబడి పైనున్న విమానాన్ని నడపడం అన్నమాట. దానికి ఏడాది ముందు, 1898లో, నికొలా టెస్లా న్యూయార్క్‌లో చిన్న పడవను రేడియోతో నడిపి చూపించారు. ఈ రెండూ కలిస్తే అన్న పెట్టెలోని విమానం అవుతుంది. విల్బర్ దగ్గర రేడియో లేదు, తాళ్ళున్నాయి. అంతే తేడా. ఆ రోజు మైదానంలో చూడడానికి కొందరు పిల్లలు చేరారు. మధ్యలో తాళ్ళు ఒక్కసారి వదులయ్యాయి. నమూనా గద్దలా కిందికి దూసుకురావడంతో పిల్లలు నేలమీద బోర్లా పడిపోయారు. దెబ్బలు తగల్లేదు. తాడు బిగువు తగ్గితే ఏమవుతుందో మాత్రం మొదటి రోజే తెలిసిపోయింది.

1900లో అన్నదమ్ములు కిట్టీ హాక్ అనే సముద్రతీర గ్రామానికి వెళ్ళారు. అక్కడ గాలి బాగా వీస్తుంది, పడితే మెత్తటి ఇసుక. ఆ ఏడాది గ్లైడర్‌ను ఎక్కువసార్లు మనిషి లేకుండానే, కింద నుంచి తాళ్ళతో అదుపు చేస్తూ గాలిపటంలా ఎగరేశారు. 1901లో ఇంకా పెద్దది చేస్తే అనుకున్నంత లేవలేదు. తిరిగి వచ్చేటప్పుడు విల్బర్ బాగా నిరాశపడి, తాము బతికి ఉండగా మనిషి ఎగరడం జరగదని తమ్ముడితో అన్నారట. అయితే ఇంటికి చేరాక ఊరుకోలేదు. పాత పుస్తకాల్లోని లెక్కలే తప్పేమోనని అనుమానించి, షాపులోనే ఆరడుగుల చెక్క గొట్టం చేసి, దానిలోకి ఫ్యానుతో గాలి కొట్టి, దాదాపు రెండు వందల చిన్న రెక్కలను పరీక్షించారు. ఆ రెక్కల మీద గాలి బలాన్ని కొలిచే త్రాసులను రంపపు బ్లేళ్ళతో, సైకిల్ పుల్లలతో చేసుకున్నారు.

1902 గ్లైడర్ లేవడంలో లోటు చేయలేదు. కొత్త చిక్కు వచ్చింది. కుడికి వాలాలంటే ఎడమ రెక్క ఎక్కువ గాలిని పట్టాలి. ఎక్కువ గాలి పట్టిన రెక్క పైకి లేస్తుంది, కానీ గాలి దాన్ని వెనక్కి కూడా లాగుతుంది. దాంతో ముక్కు కుడికి పోవలసింది పోయి ఎడమకు తిరిగేది. దీన్ని ఆపడానికి వెనక నిలువుగా బిగించిన రెండు పలకలు కొన్నిసార్లు పరిస్థితిని ఇంకా చెడగొట్టేవి. గ్లైడర్ గిర్రున తిరిగి ఇసుకలో గొయ్యి తీసేది. ఒక రాత్రి ఆర్విల్ కాఫీ ఎక్కువ తాగి నిద్రపట్టక ఆలోచిస్తూ, వెనక పలక కదిలేలా ఉండాలని కనిపెట్టారు. పొద్దున అన్నకు చెప్పారు. విల్బర్ దానికి ఇంకో మెట్టు కలిపారు. బోర్లా పడుకుని నడిపేవాడు రెక్కలు తిప్పాలి, ముందున్న పలకను ఎత్తాలి దించాలి, ఇప్పుడు తోక కూడా తిప్పాలంటే ఎన్ని చేతులు కావాలి? అందుకని తోక తీగలను రెక్కల తీగలకే కట్టేద్దామన్నారు. నడుము దగ్గర అటూ ఇటూ జరిగే చెక్క పీట ఉంటుంది. నడుమును కుడికి జరిపితే తీగలు కప్పీల మీదుగా కదిలి రెక్కలను మెలితిప్పుతాయి, తోకా వాటితోపాటే తిరుగుతుంది. ఆ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఏడెనిమిది వందల సార్లకు పైగా గాలిలో తేలారు. మా దృష్టిలో విమానం పుట్టింది అప్పుడే. 1903లో దానికి ఇంజను మాత్రమే కలిపారు. మా మాటతో అందరూ ఒప్పుకోకపోవచ్చు.

ఆ తీగల గురించి చదువుతుండగానే అన్న విమానం గుట్టు మాకు విడిపోయింది. తీగ లాగగలదు, నెట్టలేదు. విల్బర్ ఇది ఎరిగినవారు కాబట్టి ప్రతి కదలికకూ రెండు వైపులా తీగ పెట్టారు. ఒక వైపు లాగితే రెండో వైపు వదులుతుంది. ఇటు రావాలంటే రెండోది లాగుతుంది. దేన్నీ నెట్టే పని లేదు. అన్న విమానంలో చిన్న మోటారు (సర్వో అంటారు) ముక్కు దగ్గర ఉంది, చుక్కాని తోకలో ఉంది. మధ్య అర మీటరు దూరం. ఆ దూరమంతా ఒక్క మిల్లీమీటరు మందం ఉన్న ఒకే ఒక్క ఇనుప తీగ. లాగినప్పుడు ఎడమకు తిరిగేది. కుడికి తిరగాలంటే ఆ తీగే నెట్టాలి. టేబుల్ మీద ఎదురుగాలి లేదు గనుక నెట్టగలిగింది. గాలిలో చుక్కాని మీద ఒత్తిడి పడగానే తీగ మధ్యలో విల్లులా వంగిపోయింది. సర్వో తిరుగుతూనే ఉంది, చుక్కాని కదలలేదు. మేము చుక్కానిని వేలితో గట్టిగా అదిమిపట్టి రిమోట్ తిప్పితే ఆ వంపు కళ్ళారా కనిపించింది. ఆ రాత్రే అన్నకు ఫోన్ చేసి చెప్పాం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తీగ మందం ఎంతో ఇంకోసారి కొలవమన్నారు.

రైలు పట్టాల పక్కన పెరిగినవారికి ఇది వేరే విధంగా తెలుసు. పాత రోజుల్లో చేయి ఊపే సిగ్నళ్ళు ఉండేవి. కేబిన్లో లివరు లాగితే చాలా దూరంలో ఉన్న సిగ్నల్ చేయి కప్పీల మీద నడిచే తీగతో వాలేది. వదిలితే అక్కడున్న బరువు దాన్ని వెనక్కి తెచ్చేది. తీగ తెగినా ఆ చేయి దానంతటదే ఆపమనే స్థితికి వస్తుంది, రైలు ఆగుతుంది. విమానానికి ఆ వెసులుబాటు లేదు. గాలిలో ఆగి నిలబడే చోటు ఉండదు.

1903లో పన్నెండు గుర్రాల శక్తి గల ఇంజనును వారి షాపు మెకానిక్ చార్లీ టేలర్ ఆరు వారాల్లో చేసి ఇచ్చారు. ఇంజను నుంచి రెండు ప్రొపెల్లర్లకు సైకిల్ మాదిరిగానే చైన్లు. ఒక చైనును మెలివేసి పెట్టడంతో ప్రొపెల్లర్లు ఎదురెదురు దిశల్లో తిరిగేవి. పరీక్షిస్తుంటే పళ్ళచక్రాల నట్లు ఎంత బిగించినా వదులయ్యేవి. చివరకు సైకిల్ రిమ్ముకు టైరు అతికించే జిగురు పోసి నిలబెట్టారు. పంక్చరు షాపులో కూర్చున్నవారెవరికైనా ఈ తెలివి వచ్చేదేననిపించి మాకు భలే సంతోషమైంది.

డిసెంబరు 14న ఎవరు ముందు ఎగరాలో నాణెం ఎగరేస్తే విల్బర్ గెలిచారు. ముందు పలకను ఎక్కువ ఎత్తేయడంతో విమానం లేచి మూడున్నర సెకన్లలో కూలబడింది. బాగుచేసి 17న మళ్ళీ ప్రయత్నించారు. ఈసారి వంతు ఆర్విల్‌ది. 12 సెకన్లు, 120 అడుగులు. లోకమంతా గుర్తుపెట్టుకున్నది ఆ 12 సెకన్లనే. అదే రోజు నాలుగోసారి విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు ఎగిరారు. ముందు పలక ఇరుసు దాని నడిమధ్యకు మరీ దగ్గరగా ఉండడంతో కొంచెం కదిపినా అతిగా తిరిగేదని, అందుకే విమానం గుర్రంలా ఎగిరెగిరి పడిందని తర్వాత రాసుకున్నారు. రిమోట్ విమానాలు చేసేవారికి ఈ తిప్పలు మామూలే. తగ్గించడానికి సర్వో చేతికి ఉన్న రంధ్రాల్లో లోపలిదాంట్లో తీగ పెట్టాలి, చుక్కాని కొమ్ముకు బయటి రంధ్రంలో పెట్టాలి. కదలిక తగ్గుతుంది, బలం పెరుగుతుంది. కొత్తవారు దీన్ని తలకిందులుగా చేస్తారు. మేమూ అలాగే చేశాం.

ఆ డిసెంబరులోనే, ఎనిమిదో తేదీన, ప్రభుత్వం నుంచి యాభై వేల డాలర్ల సాయం పొందిన లాంగ్లీ అనే పెద్ద శాస్త్రవేత్త విమానం నదిలో పడిపోయింది. అన్నదమ్ముల ఖర్చు మొత్తం వెయ్యి డాలర్లకు లోపే, అదీ సైకిల్ షాపు రాబడి.

1904, 1905 సంవత్సరాల్లో డేటన్ దగ్గర ఆవులు మేసే బీడులో సాధన చేశారు. అక్కడ తేలిన సంగతుల్లో ఒకటి, తాము 1902లో అంత తెలివిగా కలిపిన తోక తీగనూ రెక్కల తీగనూ విడదీయాలని. కొన్ని మలుపుల్లో తోక కొంచెం, రెక్క ఎక్కువ కావలసి వచ్చేది. రెండూ ఒకే పీటకు కట్టి ఉంటే ఆ వీలు లేదు. తాము కట్టిన ముడిని తామే విప్పి తోకకు వేరే పిడి పెట్టారు. 1905 అక్టోబరు 5న విల్బర్ గుండ్రంగా తిరుగుతూ 39 నిమిషాల్లో దాదాపు 39 కిలోమీటర్లు ఎగిరారు. నేటి రిమోట్లలో రెక్కనూ తోకనూ కలిపి తిప్పే ఏర్పాటు ఒక మీట దూరంలో ఉంటుంది, కావాలంటే కలపవచ్చు, వద్దంటే విడదీయవచ్చు.

1906 మే 22న వారికి పేటెంటు వచ్చింది. అది ఇంజను మీద కాదు, విమానాన్ని అదుపు చేసే పద్ధతి మీద. 1908లో విల్బర్ ఫ్రాన్స్ వెళ్ళారు. అక్కడ దాచి ఉంచిన పెట్టెలు తెరిస్తే సామానంతా చిందరవందర, ముక్కలు ముక్కలు. సరిగ్గా సర్దలేదని తమ్ముడికి కోపంగా ఉత్తరం రాశారు. పాడుచేసింది కస్టమ్స్ మనుషులని తర్వాత తెలిసింది. అన్నదమ్ముల మధ్య ఇలాంటివి అక్కడైనా ఇక్కడైనా ఒకటే. మళ్ళీ బిగించేటప్పుడు నీటి గొట్టం ఊడి వేడినీళ్ళు చెయ్యీ ఒళ్ళూ కాల్చాయి. షెడ్డులో విమానం పక్కనే పడుకుంటూ, తన వంట తానే చేసుకుంటూ ఉండేవారు. ఆగస్టు 8న ల మాన్ పట్టణం దగ్గర గుర్రప్పందాల మైదానంలో ఎగిరింది 1 నిమిషం 45 సెకన్లే. అయినా హాయిగా వాలుతూ మలుపులు తిరిగిన తీరు చూసి, అంతవరకు ఆయనను అబద్ధాలకోరుగా అనుమానించినవాళ్ళే చేతులు కలిపారు.

సెప్టెంబరు 17న అమెరికా నుంచి చెడువార్త. సైన్యానికి విమానం చూపిస్తున్న ఆర్విల్ కూలిపోయారు. పక్కన కూర్చున్న లెఫ్టినెంట్ సెల్ఫ్రిడ్జ్ చనిపోయారు. ప్రొపెల్లరు రెక్క చీలి కంపించి, తోకను పట్టి ఉంచే తీగకు తగిలింది. ఆ ఒక్క తీగ ఊడడంతో చుక్కాని అదుపు తప్పి విమానం ముక్కు కిందికి దిగింది. ఇంజను విమానంలో ప్రాణం కోల్పోయిన మొదటి మనిషి సెల్ఫ్రిడ్జ్. ఆర్విల్ కాలు, పక్కటెముకలు విరిగి వారాలపాటు మంచం మీద ఉన్నారు. చెల్లెలు కాథరిన్ బడిలో పాఠాలు చెప్పే పని వదిలి దగ్గరుండి సేవ చేశారు. తాను అక్కడ ఉంటే అలా జరిగేది కాదని విల్బర్ బాధపడ్డారు. అయినా నాలుగు రోజుల తర్వాత గంటన్నరకు పైగా ఎగిరి చూపించారు. ఆ ఏడాది చివరి రోజు గడ్డకట్టే చలిలో 2 గంటల 20 నిమిషాలు గాలిలో ఉన్నారు.

1909లో న్యూయార్క్‌లో నదిమీద ఎగిరేటప్పుడు నీళ్ళలో పడితే తేలడానికని విమానం కింద ఒక పడవ కట్టుకున్నారు. ఆ ఏడాది నుంచే కోర్టు కేసులూ మొదలయ్యాయి. గ్లెన్ కర్టిస్ వంటివారు రెక్కను మెలితిప్పకుండా, రెక్క అంచున కదిలే చిన్న పలకలు పెట్టి విమానాలు చేస్తున్నారు. అదీ తమ పద్ధతేనని రైట్ సోదరులు దావా వేశారు. న్యాయం ఎవరి వైపు ఉన్నా, ఈ కేసుల్లో విల్బర్ చివరి మూడేళ్ళు కరిగిపోయాయి. తీగలూ కప్పీలూ పట్టుకోవలసిన చేతులు దస్తావేజులు పట్టుకున్నాయి. చిత్రమేమిటంటే నేటి విమానాల్లో మెలితిరిగే రెక్క లేదు, ఆ చిన్న పలకలే ఉన్నాయి. మా థర్మోకోల్ రెక్కకు వాటిని చేర్చే పని తమ్ముళ్ళకు వదిలేస్తున్నాం.

ఒకే ప్రమాదంలో ఇద్దరూ పోకూడదని అన్నదమ్ములు ఎప్పుడూ కలిసి ఎగిరేవారు కాదు. 1910 మే 25న తండ్రి అనుమతితో ఒక్కసారి కలిసి ఎగిరారు. అదే రోజు 81 ఏళ్ళ తండ్రిని కూడా ఆర్విల్ గాలిలోకి తీసుకెళ్ళారు. మరుసటి ఏడాది, 1911 ఫిబ్రవరి 18న, మన దేశంలో అలహాబాదు నుంచి నైనీకి విమానంలో ఉత్తరాలు వెళ్ళాయి.

1912 మే నెల మొదట్లో విల్బర్‌కు జ్వరం వచ్చింది. టైఫాయిడ్. హాస్టల్లో ఉన్నవారికి ఆ పేరు కొత్త కాదు. అప్పటికి దానికి మందు లేదు. 1896లో ఆర్విల్‌కూ అదే జ్వరం వచ్చి తగ్గింది, అన్నకు తగ్గలేదు. మే 30 తెల్లవారుజామున ఇంట్లోనే కన్నుమూశారు. వయసు 45. పెళ్ళి చేసుకోలేదు. స్మిత్సోనియన్‌కు ఉత్తరం రాసిన తేదీకి సరిగ్గా పదమూడేళ్ళు. ఆర్విల్ 1948 వరకు జీవించారు.

2021 ఏప్రిల్ 19న అంగారక గ్రహం మీద లేచిన ఇంజెన్యూయిటీ అనే చిన్న హెలికాప్టర్‌కు 1903 విమానపు రెక్క గుడ్డ ముక్క ఒకటి కట్టి పంపారు.

ఇక మా విమానం సంగతి. ఇనుప తీగ తీసేశాం. చుక్కానికి రెండు పక్కలా కొమ్ములు పెట్టి, రెండు దారాలతో సర్వోకు కట్టాం. మొదట సంక్రాంతికి చరఖాలో మిగిలిన దారం వాడితే రెండు రోజులకే సాగి వదులైంది. తర్వాత చేపల గాలానికి వాడే అల్లిక దారం తెచ్చాం. కొక్కాలు సైకిల్ పుల్ల ముక్కలతో వంచాం. రిమోట్ ఆన్ చేసి సర్వోను మధ్యలో నిలిపాకే దాని చెయ్యి బిగించాలని రెండుసార్లు విప్పాక తెలిసింది. ఇప్పుడు వేలితో అదిమిపట్టినా రెండు వైపులకూ ఒకే బలంతో తిరుగుతోంది. బేగంపేట, హకీంపేట వైమానిక స్థావరాలు దగ్గరున్న మన చోట ఇష్టం వచ్చినట్టు ఎగరేయకూడదు కాబట్టి, అన్న మొదట ఎగరేసిన మైదానానికే తీసుకెళ్ళాలని అనుకుంటున్నాం. రిమోట్ ఎవరు పట్టుకోవాలన్నది తేలలేదు. అన్న వస్తానన్నారు, పట్టుకుంటానని మాత్రం ఇంకా అనలేదు. వార్షికోత్సవం రోజున విమానం స్టడీ హాల్లో మొదటి టేబుల్ మీద ఉంటుంది. చూడవచ్చు, రిమోట్ కదపవచ్చు. దారాలు మాత్రం లాగవద్దని మనవి.